లెక్కపిక్క

ఆ ఏడు కూడా తుపాను రాలేదు.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు తుపాను రావద్దని మొక్కుకుంటారు. ఉదయగిరి కొండ కింద మెట్టపొలాలవాళ్ళు రావాలని మొక్కుకుంటారు. అక్కడెక్కడో పడవలు తిరగబడి, పాకల కప్పులు లేచిపోతేగానీ ఇక్కడి బావుల్లోకి నాలుగు చుక్కలు చేరవు. ఈ సంగతి పైకి చెప్పుకోవడానికి ఎవరికైనా సిగ్గే. పెంచలనరసయ్య ఆ సిగ్గు కూడా వదిలేశాడు. రేడియో ఉన్న ప్రతి అంగడి ముందూ నిలబడి, "వాయుగుండం ఏమన్నా ఉండాదంటనా?" అని అడిగేవాడు. లేదనేవాళ్ళు. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, ఎనభయ్యో సంవత్సరం వచ్చి కూర్చుంది. వాయుగుండం మాత్రం రాలేదు.

సజ్జ మొలిచి ఎండింది. వేరుశనగ మొలవనే లేదు. ఎద్దులకి వేసే చొప్ప అయిపోయాక పెంచలనరసయ్య నిచ్చెన వేసుకుని ఇంటి మీదికి ఎక్కాడు. కప్పిన బోదగడ్డి ఒక్కొక్క మోపు పీకి కిందికి పడేశాడు. అది పాతగడ్డి, పొగచూరిన గడ్డి. మైలోడు, పుల్లోడు అనే ఆ రెండు ఎద్దులూ దాన్ని కూడా వాసన చూడకుండా తిన్నాయి. ఇల్లు కట్టుకునేది గొడ్లకి మేత వెయ్యడానికని ఆయన కూతురు మస్తానమ్మకి అప్పుడే తెలిసింది. నడింట్లో పడుకుంటే ఆకాశం కనిపించేది. మబ్బులేని ఆకాశం.

మస్తానమ్మకి పదకొండేళ్ళు. ఆమె కంటే మైలోడు చిన్నవాడు. దూడగా ఉన్నప్పుడు ఆమె అరచేతిలో ఉప్పు పెట్టుకుని నాకించేది. ఇప్పుడు ఉప్పు లేకపోయినా ఆ అరచెయ్యి కనిపిస్తే చాలు, నాలుక చాపేవాడు.

ఇంట్లో తినేది చింతపిక్కలు. వాళ్ళమ్మ వెంగమ్మ కరువుపనికి పోయి రోడ్డు మీద కంకర మోస్తే ఇచ్చే గోధుమలు వారానికి నాలుగు రోజులు వచ్చేవి. మిగతా రోజులకి అవ్వ, అంటే పెంచలనరసయ్య తల్లి, చింతపిక్కలు వేయించేది. పొట్టు ఊడగొట్టి, నానబెట్టి, ఉప్పేసి పెట్టేది. నానబెట్టడానికి కూడా నీళ్ళు లేనినాడు వేయించినవి వేయించినట్టే చేతిలో పోసేది. అవి రాళ్ళలా ఉంటాయి. నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకుంటే పూటంతా ఉంటుంది. కడుపులోకి ఏమీ పోదు. అయినా నోరు ఊరికే లేదని కడుపు కాసేపు నమ్ముతుంది.

ఆరోజు పొద్దున్నే పెంచలనరసయ్య పశువుల కొట్టం ముందు నిలబడి, అవ్వకీ వెంగమ్మకీ మస్తానమ్మకీ కలిపి ఒకే మాట చెప్పాడు.

"నబీ రసూల్ వస్తాండాడు. బావిలో ఆఖరుసారి మందు పేలుస్తాం. అడుగున తడి కనపడిందా, ఎద్దులు ఉంటాయి. గట్టుమీద గడ్డయినా పెంచి బతికించుకుంటాను. కనపడలేదా, పొద్దువాలేటప్పటికి గోపాలయ్య వస్తాడు, తోలేస్తాను. ఇంక నన్నెవరూ ఏమీ అడగబాకండి."

గోపాలయ్య ఆత్మకూరు సంతకి గొడ్లు తోలే బేరగాడు. కరువు కాలంలో ఆయన తోలుకుపోయిన ఎద్దు ఏదీ మళ్ళీ ఏ పొలంలోనూ కనబడలేదు. వింజమూరు దగ్గర లారీ ఎక్కించి మద్రాసు పంపిస్తాడని అందరికీ తెలుసు. మద్రాసులో ఎద్దులతో సేద్యం చెయ్యరని కూడా తెలుసు.

వెంగమ్మ తట్ట నెత్తిన బోర్లించుకుని కరువుపనికి వెళ్ళిపోయింది. మస్తానమ్మ మైలోడి దగ్గరికి పోయి అరచెయ్యి చాపింది. వాడు నాకాడు. గరుకు నాలుక. తడి లేదు.

*

నబీ రసూల్ సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకి తోలుసంచి, వెనకాల సమ్మెట, ఉలులు. బావుల్లో రాయి పగలగొట్టడం ఆయన పని. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళ బావుల్లో ఆయన దిగని బావి లేదు. ఆ పేలుళ్ళకి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం పోయింది. ఆయన ఇంట్లో మిగతా అందరూ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు. అందుకని ఆయన సంచిలో ఎప్పుడూ రెండు పొడుగుకాడల చెక్క గరిటెలు ఉండేవి. మందు కూరేది వాటితోనే. ఇనుము తగిలితే నిప్పురవ్వ పుడుతుంది, కొయ్యకి ఆ భయం లేదు.

"ఒరే నబీ, ఇంకా బతికే ఉండావంట్రా?" అంది అవ్వ.

ఆయన ఎడమచెవి ఇటు తిప్పాడు. "నిన్ను సాగనంపి పోదామని ఆగినాను అవ్వా. నువ్వేమో కదలకుండా ఉండావు."

"యాడికి కదిలేది? పాడె కట్టను ఎదురుబొంగులు గూడా ఎండిపోయినాయి."

ఆయన నవ్వి బావిలోకి దిగాడు. పెంచలనరసయ్యా ఆయనా కలిసి పొద్దెక్కేవరకూ అడుగురాతిలో ఉలితో బెజ్జాలు కొట్టారు. ఉలి కొట్టిన చోటల్లా తెల్లని పొడి వచ్చింది. ఒక్క బెజ్జంలోనైనా ఉలి తడికి నల్లగా అయి పైకి రాలేదు. పెంచలనరసయ్య ప్రతి బెజ్జంలోనూ వేలు పెట్టి చూశాడు. ప్రతిసారీ వేలికి అంటిన పొడిని పంచెకి తుడుచుకున్నాడు.

మందు దట్టించి, ఒత్తులు పెట్టి పైకి వచ్చాక నబీ రసూల్, "అవ్వా, గుప్పెడు చింతపిక్కలు ఇయ్యి, లెక్కకి" అన్నాడు.

అది ఆయన పద్ధతి. బెజ్జానికి ఒక పిక్క చొప్పున ఎవరి ఒళ్ళోనైనా పోస్తాడు. ఒక్కో పేలుడికి ఒక్కో పిక్క పారెయ్యాలి. చివరికి ఒళ్ళో పిక్క మిగిలితే బావిలో పేలని మందు మిగిలినట్టు. అంకెలు లెక్కపెట్టొచ్చు కదా అంటే ఒప్పుకోడు. "పేలేటప్పుడు గుండె అదురుతాది. అదిరినప్పుడు మనిషి అంకె దాటేస్తాడు. ఒళ్ళో పిక్క యాడికీ దాటదు" అంటాడు. గులకరాళ్ళు పెట్టుకోవచ్చు కదా అంటే, ఆ నేలంతా గులకరాళ్ళే. వాటిలో ఏది లెక్కరాయో ఏది ఉత్తరాయో ఎవరు చెప్పగలరు?

అవ్వ చాటలో పిక్కలు తెచ్చింది. నబీ రసూల్ ఒకటి తీసి చూశాడు.

"ఇవి వేయించినవి గదా. పచ్చివి లేవా?"

"పచ్చివి యాడుండాయిరా? రెండు పూటలా మా ఇంట్లో వంట ఇదే."

"వేయించినవి లెక్కకి పనికిరావు అవ్వా. సగం పేలేసరికి లెక్కగాడు నమిలి మింగేస్తాడు."

అందరూ నవ్వారు. పెంచలనరసయ్య కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

"మే పిల్లా, నీ చెవులు బాగా ఇనపడతాయా?" అన్నాడు నబీ రసూల్.

"మైలోడు నెమరేసేది ఇంట్లో పండుకోని ఇంటాను" అంది మస్తానమ్మ.

"అట్టయితే నువ్వే మా లెక్కల మాస్టరువి." బెజ్జాలన్నీ గుర్తు చేసుకుంటూ, ఒక్కో దానికి ఒక్కో పిక్క ఆమె పావడ ఒళ్ళో పోశాడు. "ఇను బిడ్డా. బావిలో పేలితేనే పారెయ్యాల. కొండ మళ్ళీ పలుకుతాది, దానికి పారెయ్యబాక. ఒళ్ళో ఒక్కటి మిగిలినా ఈరోజుకి ఆ బావిలోకి ఎవురూ దిగేదానికి లేదు. నీ కన్నతండ్రైనా సరే. రేప్పొద్దున నేనొక్కణ్ణే దిగి చూసుకుంటాను. తెలిసిందా?"

తెలిసిందని తలూపింది.

*

బావి తవ్వినప్పుడు తీసిన రాళ్ళ గుట్ట ఒకటి దూరంగా ఉంది. మస్తానమ్మ దాని వెనక కూర్చుంది. వేపచెట్టు కింద వాళ్ళ నాయన రెండు ఎద్దుల పలుపులూ చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. పేలుడుకి అవి బెదురుతాయి. బెదిరి పరిగెత్తే బలం వాటికి లేకపోయినా పట్టుకోవడం అలవాటు. డొక్కలు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పుల్లోడు నేలని వాసన చూస్తున్నాడు. మైలోడు మస్తానమ్మ వైపే చూస్తున్నాడు.

తడి కనపడాల, తడి కనపడాల అని ఆమె లోపల్లోపల అనుకుంటూనే ఉంది. ఏ దేవుడితో అంటున్నదో ఆమెకే తెలియదు. ఒళ్ళో వేయించిన పిక్కల వాసన కమ్మగా ముక్కుకి తగులుతోంది.

నబీ రసూల్ ఒత్తులు అంటించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి వచ్చాడు. "ఔటు! ఔటు!" అని అరుస్తూ పరిగెత్తి అవ్వని రెక్క పట్టుకుని ఇంటి గోడ చాటుకి లాక్కుపోయాడు.

మొదటిది పేలింది. నేల కిందినుంచి ఎవరో గుద్దినట్టయింది. వెంటనే కొండ పలికింది. మస్తానమ్మ పిక్క పారేసింది. మళ్ళీ పేలింది. ఈసారి కొండ పలికేలోగానే ఇంకోటి పేలింది. రాళ్ళు బావి గట్టు దాటి ఆకాశంలోకి లేచి, కాసేపు అక్కడే ఆగినట్టుండి, టపటపా రాలాయి. మైలోడు ముందుకాళ్ళు ఎత్తాడు, నాయన గంగడోలు పట్టుకుని ఏదో చెబుతున్నాడు. పేలుడు, కొండ. పేలుడు, కొండ. ఆమె పిక్కలు ఒక్కొక్కటే సరిగ్గా పారేసింది. కొండకి ఒక్కటి కూడా పారెయ్యలేదు.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

పొగ బావిలోంచి పైకి వచ్చి గట్టుమీద కూర్చుంది. మస్తానమ్మ ఒళ్ళోకి చూసుకుంది. ఖాళీ. లేచి నిలబడి పావడ దులిపింది. ఏమీ రాలలేదు.

"అయిపోయినాయి!" అని కేకేసింది.

"సరిగా జూసి చెప్పు బిడ్డా!" అన్నాడు నబీ రసూల్ గోడ చాటునుంచి.

"ఒళ్ళో ఏం లేవు!"

పెంచలనరసయ్య పలుపులు అవ్వ చేతికిచ్చాడు. గడ్డపార అందుకున్నాడు. పొగ పూర్తిగా పోకముందే బావి వైపు నడిచాడు. నీళ్ళు చూడటానికి పోయే మనిషి నడకలా లేదది. పిలిచినచోటికి పోతున్నవాడిలా నడిచాడు. మొదటి మెట్టు దిగాడు. రెండోది దిగాడు.

మస్తానమ్మ నోట్లో నీళ్ళూరాయి. పొద్దున్నుంచి ఎండిపోయిన నోట్లో అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియలేదు. కమ్మగా, కొంచెం వగరుగా ఉన్నాయి. మింగబోయింది. నాలుక కింద ఏదో నున్నగా కదిలింది.

పిక్క.

పొద్దున అవ్వ ఇచ్చిన పిక్కలు కొట్టంలోనే నమిలేసింది, అది బాగా గుర్తుంది. మరి ఇదెప్పుడు నోట్లోకి వచ్చింది? చెయ్యి ఎప్పుడు ఒళ్ళోకి పోయింది, ఎప్పుడు నోటికి పోయింది? ఎంత వెతికినా గుర్తురాలేదు. కడుపు తనకి చెప్పకుండా చేయించిన పని అది. బావిలో ఏ మూలో మందు మిగిలి ఉంది. దాని లెక్క తన బుగ్గలో ఉంది. నాయన దిగుతున్నాడు.

అరవడానికి నోరు తెరిచింది. అదే క్షణంలో ఇంకో సంగతి తోచింది. చెబితే ఈరోజు బావిలోకి ఎవరూ దిగరు. దిగకపోతే తడి కనపడదు. పొద్దువాలేటప్పటికి గోపాలయ్య వస్తాడు. వేపచెట్టు కింద మైలోడు ఇంకా ఇటే చూస్తున్నాడు.

నాయన నడుము దాకా బావిలోకి పోయాడు. భుజాలు పోయాయి. తలపాగా ఒక్కటే కనిపిస్తోంది.

పిక్క అరచేతిలోకి ఉమ్మింది.

"నాయనా, దిగబాక! దిగబాక నాయనా!"

ఎలా పరిగెత్తిందో, మోకాలు ఎక్కడ కొట్టుకుపోయిందో ఆమెకి తెలియదు. గట్టు మీదికి వచ్చి అరచెయ్యి చాపింది. ఉమ్మితో మెరుస్తున్న పిక్క. నబీ రసూల్ దాన్ని చూశాడు. ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోవడం మస్తానమ్మకి కళ్ళారా కనిపించింది. ఆయన గబగబా నాలుగు మెట్లు దిగి, పెంచలనరసయ్య చొక్కా వెనకనుంచి పట్టుకుని పైకి లాగాడు.

"ఏంది సాయిబూ?"

"లెక్క తప్పింది. పైకి రా."

"ఏం తప్పలా. నేను గూడా ఇన్నాను, అన్నీ పేలినాయి."

"నువ్వు ఇన్న దాంట్లో కొండ ఎంత, మందు ఎంత?"

పెంచలనరసయ్య పైకి వచ్చి కూతురి చేతిలోది చూశాడు. "ఇది పొద్దున్న తిన్న పిక్క అయ్యుంటాది. పిక్క నోట్లో ఉంటే మందు మిగిలినట్టేనా? ఈ పిచ్చిముండ మాటకి ఇంతదాకా వచ్చి ఆగేదా? తప్పుకో."

"అది పొద్దుటిది కాదు నాయనా. అవి నమిలేసినాను" అంది మస్తానమ్మ.

చెంప మీద దెబ్బ పడింది. నాయన చెయ్యి ఎప్పుడూ ఆమె మీద పడలేదు. అందుకని అది దెబ్బని తెలియడానికి కాసేపు పట్టింది. కొట్టినవాడికి కూడా పట్టింది. ఆ చేతిని ఆయన ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

నబీ రసూల్ పై మెట్టు మీద అడ్డంగా పడుకున్నాడు.

"నన్ను తొక్కి దిగు నరసయ్యా. వెంగయ్య పొలం బావిలో మా తమ్ముడు ఇట్టనే దిగినాడు. వాడి గరిటెలే ఇవి, నా సంచిలో ఉండేవి. దిగు. నన్ను తొక్కి పో."

ఆయనకో తమ్ముడుండేవాడని ఆ ఇంట్లో ఎవరికీ అంతవరకు తెలియదు. పెంచలనరసయ్య గడ్డపార అక్కడే వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. పొద్దు వాలేవరకూ బావిలోకి చూస్తూనే ఉన్నాడు. పైనుంచి పగిలిన రాళ్ళు తప్ప ఏమీ కనపడలేదు.

*

గోపాలయ్య వచ్చాడు. వెనకాల ఏడెనిమిది గొడ్లు, అన్నీ ఒకే తీరున తలలు వాల్చుకుని.

"ఏం నరసయ్యా, గంగమ్మ కనపడిందా?"

"లేదు. దిగలా."

"దిగలేదా? మందు పేల్చి దిగకపోవడమేంది? అన్నం వండి మూత తీయనట్టు."

ఎవరూ నవ్వలేదు.

"రేపటిదాకా ఆగు గోపాలయ్యా. రేప్పొద్దున సాయిబు దిగి చూస్తాడు. తడి లేకపోతే నేనే వింజమూరు తోలుకొచ్చి అప్పజెప్తాను."

"లారీ నీ బావికోసం ఆగతాదా? రేపనే మాట వింటా కూర్చుంటే ఈ ఎద్దులు ఇక్కడే పడిపోతాయి. పడిపోయినాక తోలేదానికి నేను గాదు, తోలు ఒలిచేదానికి వేరేవాళ్ళు వస్తారు." గోపాలయ్య ఎద్దుల వెన్ను నిమిరి, పళ్ళు చూశాడు. "ఇయ్యాళ ఇస్తే ఇయ్యి. లేకుంటే నా దోవన నేను పోతాను."

పెంచలనరసయ్య కూతురి వైపు చూడలేదు. అమ్మినవాడు ఎద్దుని ఇస్తాడుగానీ పలుపు ఇవ్వడు. అది ఇంట్లోనే ఉండాలి. మైలోడి మెడలోంచి పలుపు విప్పాడు, పుల్లోడి మెడలోంచి విప్పాడు. గోపాలయ్య తన తాళ్ళు కట్టుకున్నాడు. మస్తానమ్మ అరచెయ్యి చాపలేదు, వెనక్కి దాచుకుంది. మైలోడు ఆగి మెడ తిప్పితే గోపాలయ్య ముల్లుకర్ర ఆడించాడు. దుమ్ములో ఆ మంద పోయేవరకూ నాలుగు గిట్టల చప్పుడు ఒకటి ఆమెకి వేరుగా వినిపిస్తూనే ఉంది. చెవులు బాగున్నాయని పొద్దున చెప్పుకున్నది కదా.

వెంగమ్మ కరువుపనినుంచి వచ్చింది. ఖాళీ కొట్టం చూసింది, వంకెకి వేలాడుతున్న పలుపులు చూసింది, కూతురి చెంప చూసింది. తట్ట దించి, కొంగులోని గోధుమలు అవ్వ ముందు పోసి, కొట్టం ఊడవడం మొదలుపెట్టింది. అక్కడ ఊడవడానికి ఏమీ లేదు.

*

తెల్లవారగానే నబీ రసూల్ వచ్చాడు. అందరినీ రాళ్ళగుట్ట వెనక్కి పొమ్మని, చెక్క గరిటెలు రెండూ నడుముకి దోపుకుని ఒక్కడే దిగాడు.

చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. అవ్వ పెదవులు కదులుతున్నాయి. రాయి పక్కకి దొర్లించిన చప్పుడు ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. నిదానంగా, బరువైనదేదో మోసుకొస్తున్నట్టు. ఆయన పైకి వచ్చాడు. చేతిలో గరిటె. గరిటెలో నల్లగా ఏదో ఉంది.

"పిల్ల లెక్క కరెక్టే" అన్నాడు. "ఉత్తరం మూల బెజ్జం. అదొక్కటే పేలలా."

గరిటె వంచితే పొడి రాలలేదు. ముద్దగా కిందికి జారింది.

పెంచలనరసయ్య వంగి ఆ ముద్దలో వేలు పెట్టాడు. వేలు నల్లగా, తడిగా పైకి వచ్చింది.

"తడిసింది" అన్నాడు.

"తడిసింది. మిగతావి పేలి రాయి కదిలింది. ఆ మూల జల వదిలింది. బెజ్జం నిండా నీళ్ళే. ఇంక మందు యాడ పేలతాది? పోయి చూసుకో, గోడెమ్మట దారంలా కారతాండాది. ఆ మూల ఇంకొక్కసారి రాయి తీస్తే మోకాలు లోతు నిలుస్తాది."

నీళ్ళొచ్చాయని తెలిసినప్పుడు మనుషులు ఎగురుతారని, ఏడుస్తారని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారని మస్తానమ్మ ఎప్పుడూ అనుకునేది. అక్కడెవరూ కదల్లేదు. నలుగురూ నేలమీది ఆ నల్లముద్దని చూస్తూ నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళకే అర్థమవుతోంది. అర్థమయ్యేకొద్దీ నోళ్ళు ఎండిపోతున్నాయి.

"గోపాలయ్య యాడికి పోయుంటాడు?" అన్నాడు పెంచలనరసయ్య.

"రాత్రే లారీ కదిలిందంట. నేను వస్తావుంటే అంగడికాడ అనుకుంటాండారు."

తను నోరు మూసుకుని ఉంటే నాయన దిగేవాడు. మందు తడిసి చచ్చిపోయింది, పేలేది కాదు. ఆయన గోడ చూసేవాడు, తడి చూసేవాడు. గోపాలయ్య ఖాళీ తాళ్ళతో పోయేవాడు. మైలోడు ఇప్పుడు కొట్టంలో ఉండేవాడు. ఇవన్నీ మస్తానమ్మకి ఒకదాని వెనక ఒకటి పేలినట్టు వినిపించాయి.

"నేను చెప్పకపోయుంటే" అంది. మిగతాది అనలేకపోయింది.

పెంచలనరసయ్య నబీ రసూల్ వైపు తిరిగాడు. "నిన్న నేను దిగుంటే ఏమయ్యేది?"

"నిన్న నువ్వు దిగేసరికి తడిసిందో, రాత్రి తెల్లవార్లూ తడిసిందో ఆ మందుకే తెలియాల. నన్నడగబాక" అన్నాడు ఆయన. "మా తమ్ముడు దిగిన బావిలో కూడా తరవాత నీళ్ళు పడినాయి."

కొంతసేపయ్యాక పెంచలనరసయ్య కూతురి ముందు గొంతుకూర్చున్నాడు. చెంప మీద వేళ్ళ అచ్చు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఆ పిక్క యాడుండాది?"

ఆమె పావడ కొసన ముడి విప్పి ఇచ్చింది. దాన్ని రాత్రంతా ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు. ఆయన దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. మట్టి కూడా తుడవకుండా నోట్లో వేసుకుని పటపటా నమిలాడు. పళ్ళు విరుగుతాయేమో అనిపించేలా నమిలి మింగాడు.

"లెక్క సరిపోయింది" అన్నాడు. "ఇంక ఆ మాట ఎవురూ ఎత్తబాకండి. నువ్వు గూడా."

*

నబీ రసూల్ ఇంకోసారి రాయి కొట్టాడు. పదిరోజులకి బావి అడుగున మోకాలు లోతు నీళ్ళు నిలిచాయి. గట్టుపక్కన అవ్వ రాగి నారు పోసింది. నారు పచ్చగా లేచింది. లేచాక నీళ్ళు కావాలి.

నీళ్ళున్నాయి. నీళ్ళు పైకి తోడే మోట ఉంది, తోలుతొండం ఉంది, తాడు ఉంది. వాలు ఉంది. వాలులో నడిచి తాడు లాగే ఎద్దులు లేవు.

ఆ పొద్దున పెంచలనరసయ్య వంకెకి వేలాడుతున్న రెండు పలుపులూ తీసి మోటతాడుకి కట్టాడు. ఒకటి తన భుజానికి వేసుకున్నాడు. రెండోది వెంగమ్మ అడక్కుండానే తీసుకుని వేసుకుంది. చూడ్డానికి వచ్చిన నబీ రసూల్ సైకిలు చెట్టుకి ఆనించి, చొక్కా విప్పి, ఇద్దరి మధ్యకీ దూరాడు.

"మూడో ఎద్దు చెవిటిది. కేక గట్టిగా వెయ్యాల" అన్నాడు.

"ఒరే నబీ, పళ్ళు చూడకుండానే కాడి కింద పెట్టినాంరా నిన్ను" అంది అవ్వ.

మోట నీళ్ళలో మునిగింది. సగానికే నింపారు. మస్తానమ్మ వాలు పైన, ఎప్పుడూ ఎద్దుల వెనక నిలబడే చోట నిలబడింది. కేక వెయ్యాల్సింది ఆమే. ఎద్దులకి వేసే కేక ఆమెకి మాటలు రాకముందే వచ్చు. ఇప్పుడు ముందున్నవి మూడు వీపులు. నాయన వీపు మధ్యలో ఎముక ఒక్కొక్క కణుపూ కనిపిస్తోంది. మైలోడిది కూడా అలాగే కనిపించేది. పలుపు అదే. భుజం మీద ఒరుసుకునే చోట దాని మీద ఇంకా మైలరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

నోరు తెరిచింది. ఆ కేక రాలేదు.

"కేకెయ్యి మే" అన్నాడు నాయన వెనక్కి తిరగకుండా. "కేక పడకపోతే అడుగు కలవదు."

"నాయనా," అని అరిచింది మస్తానమ్మ, "నడువు!"

మూడు వీపులూ ఒక్కసారి వంగాయి. తాడు బిగిసింది, గిలక కీచుమంది. తొండంలోంచి నీళ్ళు తొట్టిలోకి పడి, కాలవలోకి మళ్ళి, రెండేళ్ళుగా నోరు తెరుచుకుని ఉన్న ఆ మట్టిలోకి సరసరా పోతున్న చప్పుడు వినిపించింది. నారుమడి దాకా ఇంకా చేరలేదు. సగం దారిలోనే నేల తాగేసింది.

"మళ్ళీ" అన్నాడు నాయన, వెనక్కి నడుస్తూ.

ఆమె మళ్ళీ అరిచింది.